ఉగాది ఆటలు: అందరికీ చోటుండేలా ఎలా ఏర్పాటు చేసుకుందాం?

పిల్లలూ!

ఉగాది ఏటా ఒకే తేదీన రాదని మీకు తెలుసు. 2023లో మార్చి 22న వచ్చింది. 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. చాంద్రమానం ప్రకారం ఏడాదికి సుమారు 354 రోజులే. అందువల్ల గోడమీది క్యాలెండరుతో పోలిస్తే పండగ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. సుమారు మూడేళ్ళకోసారి అధికమాసం వచ్చి ఆ తేడాను సర్దుతుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది కాబట్టే మరుసటి ఉగాది ఏప్రిల్‌కు జరిగింది.

తేదీ ఏదైనా మనకు మాత్రం ఆ రోజులు ఒకేలా ఉంటాయి. పరీక్షలు అయిపోయో, అవబోతూనో ఉంటాయి. కొత్త తరగతి పుస్తకాలకు అట్టలు వేసే సమయం దగ్గర పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు బదిలీ ఉత్తర్వుల గురించి గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ ఉంటారు. తాతయ్య వాళ్ళ ఊరికి వెళ్ళే వీలు చాలామందికి ఉండదు. అందుకే కాలనీలో ఉన్న తెలుగు కుటుంబాలన్నీ ఒకచోట చేరి పండగ చేసుకుంటాయి. పొద్దున ఉగాది పచ్చడి, పంచాంగ శ్రవణం, మధ్యాహ్నం పులిహోర, బొబ్బట్లు. సాయంత్రం పిల్లలకు ఆటలు.

ఆ ఆటలను ఎలా ఏర్పాటు చేసుకోవాలన్నదే ఈ పాఠం. ఉద్యోగరీత్యా పన్నెండేళ్ళలో ఐదు ఊళ్ళు తిరిగాం మేం. ప్రతి ఊళ్ళోనూ ఉగాది ఆటల బాధ్యత మా ఇంటికే వచ్చేది. మొదట్లో చాలా తప్పులు చేశాం. వాటిలో ఒకటి ముందు చెబుతాం.

మేం చేసిన పొరపాటు

అది ఉత్తరాదిలో ఒక ఊరు. పదకొండు తెలుగు కుటుంబాలు, పంతొమ్మిది మంది పిల్లలు. ఆ ఏడాది మూడు పోటీలు పెట్టాం. మొదటిది కుర్చీలాట, రెండోది నిమ్మకాయ చెంచా, మూడోది తెలుగు పండగల మీద ప్రశ్నలు. ప్రతిదానికీ మొదటి, రెండో బహుమతులు కొని రంగు కాగితాలు చుట్టి ఉంచాం. ఏర్పాట్లు బాగా కుదిరాయని మాలో మేం అనుకున్నాం కూడా.

పదేళ్ళ పిల్లవాడు ఒకడు అంతకు రెండు వారాల ముందే ఆ కాలనీకి వచ్చాడు. తెలుగువాడే, కానీ పుట్టి పెరిగింది అంతా మహారాష్ట్రలో. ఇంట్లో తెలుగు వింటాడు, జవాబు మాత్రం హిందీలో చెబుతాడు. చదవడం రాదు. కుర్చీలాటలో మొదటి విడతలోనే బయటికి వచ్చేశాడు. నిమ్మకాయ రెండో అడుగులోనే పడిపోయింది. ప్రశ్నల పోటీలో ప్రశ్నే అర్థం కాలేదు. గంటన్నర పాటు గుమ్మం దగ్గర చెప్పుల వరసల పక్కన కూర్చున్నాడు. వాడు అక్కడ ఉన్నాడని మేం చూశాం. చూసి కూడా తర్వాతి పోటీకి ఈల వేశాం.

మరుసటి ఏడు ఉగాదికి తల్లిదండ్రులిద్దరే వచ్చారు. అబ్బాయి ఏడీ అని అడిగితే వాళ్ళమ్మ కాస్త ఇబ్బంది పడుతూ చెప్పింది: "రానన్నాడు టీచర్. అది వాళ్ళ పండగ, మీరు వెళ్ళండి అన్నాడు."

వాళ్ళ పండగ! ఇంట్లో వేపపువ్వు నూరుతుంటే చూసిన పిల్లవాడు ఉగాదిని 'వాళ్ళ' పండగ అన్నాడు. అందులో వాడి తప్పేమీ లేదు. వాడిని గంటన్నర బయట కూర్చోబెట్టింది మేమే.

ఆ తర్వాత ఒకే ఒక నియమం పెట్టుకున్నాం. మన కూడికలో ఆడే ఏ ఆటలోనైనా, బయటికి వచ్చిన వాళ్ళు మళ్ళీ లోపలికి వెళ్ళే దారి ఉండాలి. మిగిలిన ఏర్పాట్లన్నీ ఈ నియమం నుంచే వచ్చాయి.

ముందు వారం చేయాల్సిన పనులు

మొదటిది, పేర్లు రాసుకోవడం. ఒక కాగితం తీసుకుని వచ్చే పిల్లలందరి పేర్లు, వయసులు రాయండి. ప్రతి పేరు పక్కన రెండు సంగతులు చేర్చండి: ఈ ఊరు వచ్చి ఎన్నాళ్ళయింది? తెలుగు మాట్లాడతారా, విని అర్థం చేసుకుంటారా, అదీ రాదా? ఈ కాగితం మీ దగ్గరే ఉంచుకోండి. ఎవరికీ చదివి వినిపించకండి. జట్లు కట్టేటప్పుడు మాత్రం ఇది చూసుకోండి.

రెండోది, కొత్తగా వచ్చిన వాళ్ళ ఇంటికి వెళ్ళడం. ఇద్దరు పిల్లలు వెళ్ళి, "ఉగాదికి రండి" అని చెప్పి ఊరుకోకుండా, "నువ్వు ఇంతకుముందు ఉన్న ఊళ్ళో ఏ ఆట ఆడేవాడివి? మాకూ నేర్పుతావా?" అని అడగాలి. ఆట నేర్పడానికి వచ్చిన వాడికి కూర్చునే చోటు ఎవరూ వెతకనక్కర్లేదు.

మూడోది, నియమాలు కాగితం మీద పెట్టడం. ఒకే ఆటకు ఒక్కో ఇంట్లో ఒక్కో పద్ధతి ఉంటుంది. శ్రీకాకుళం వాళ్ళు ఒకలా, అనంతపురం వాళ్ళు ఒకలా, కరీంనగర్ వాళ్ళు ఇంకోలా ఆడవచ్చు. "మా నానమ్మ ఇలాగే ఆడుతుంది" అంటే "మా అమ్మమ్మ అలా ఆడదు" అని గొడవ మొదలవుతుంది. అందుకని ఆట మొదలుపెట్టే ముందే ఈ రోజుకు ఎవరి ఇంటి పద్ధతో చీటీ తీసి నిర్ణయించుకోండి. రెండో ఆటకు ఇంకో ఇంటి పద్ధతి.

నాలుగోది, సామాను. నాలుగు సుద్దముక్కలు, పన్నెండు గవ్వలు, ఒక డబ్బా చింతగింజలు, ఒక మెత్తని బంతి, ఏడు చదునైన పెంకులు, ఆరు చిన్న గిన్నెలు, కళ్ళకు కట్టడానికి ఒక తుండుగుడ్డ. ఇంతే. అన్నీ కలిపినా ఒక సంచిలో పడతాయి.

ఆట 1: రుచులు చెప్పుకోవడం

దీన్ని పొద్దున పచ్చడి తినగానే ఆడాలి. ఆరు గిన్నెల్లో ఆరు రుచులు విడివిడిగా పెట్టండి. బెల్లం తీపి, చింతపండు పులుపు, వేపపువ్వు చేదు, మామిడి పిందె వగరు, ఉప్పు, చిటికెడు మిరియాల పొడి కారం. ఇద్దరిద్దరు జతగా రావాలి. ఒకరికి గుడ్డ కట్టి, రెండోవారు కొద్దిగా నాలుక మీద పెట్టాలి. తిన్నవారు రుచి పేరు చెప్పాలి. ఎవరికైనా ఏదైనా పడదేమో ముందుగా వాళ్ళ అమ్మానాన్నలను అడిగి తెలుసుకోండి.

ఇక్కడ నియమం ఏమిటంటే, రుచి పేరు ఏ భాషలో చెప్పినా సరైన జవాబే. "ఖట్టా" అన్నా మార్కు ఇవ్వండి. తర్వాత జతలో రెండోవారు "పులుపు" అని తెలుగు మాట అందిస్తే ఇంకో మార్కు. వగరు దగ్గర చాలామంది ఆగిపోతారు. హిందీలో దాన్ని కసైలా అంటారు, కన్నడంలో ఒగరు, తమిళంలో తువర్పు. వగరుకూ ఒగరుకూ ఉన్న పోలిక పిల్లలే కనిపెడతారు. మా పాత ప్రశ్నల పోటీ స్థానంలో ఇప్పుడు ఈ ఆటే ఆడిస్తున్నాం.

ఆట 2: అష్టాచెమ్మా

నేల మీద ఐదు అడ్డవరసలు, ఐదు నిలువు వరసలుగా మొత్తం 25 గడులు గీయండి. నాలుగు వైపులా మధ్య గడిలోనూ, పటం నడిమధ్య గడిలోనూ ఇంటూ గుర్తు పెట్టండి. నలుగురు ఆడవచ్చు. ఒక్కొక్కరికి నాలుగు కాయలు. చింతగింజలు, గులకరాళ్ళు, గాజుముక్కలు కాకుండా ఏవైనా సరే.

నాలుగు గవ్వలు వేయాలి. ఒకటి వెల్లకిలా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. అష్టగానీ చెమ్మగానీ పడితే మళ్ళీ వేయవచ్చు. కాయ బయటి వరసలో 16 గడులు తిరిగి, లోపలి వరసలో 8 గడులు ఎదురు దిక్కున తిరిగి, నడిమి గడి చేరితే పండినట్టు. ఇంటూ గుర్తున్న గడిలో ఉన్న కాయను ఎవరూ కొట్టకూడదు. వేరేచోట ఉంటే ఎదుటివాళ్ళు కొట్టవచ్చు. కొట్టిన కాయ మొదటికి వెళుతుంది. కొన్ని ఇళ్ళలో ఒక్క కాయనైనా కొట్టందే లోపలి వరసలోకి పోనివ్వరు. ఇలాంటివే చీటీ తీసి తేల్చుకోవాల్సిన సంగతులు.

మా నియమానికి ఈ ఆట చక్కగా సరిపోతుంది. దెబ్బతిన్న కాయ పటం విడిచి పోదు. తన గడి నుంచి మళ్ళీ బయలుదేరుతుంది. ఆడే మనిషి కూడా ఆట అయ్యేదాకా లేవక్కర్లేదు. కన్నడిగుల చౌకాబార కూడా ఇలాంటి ఆటే. పక్క క్వార్టరు కన్నడ కుటుంబాన్ని పిలిస్తే, వాళ్ళ పద్ధతి కూడా తెలుస్తుంది. వాళ్ళకూ అదే రోజు యుగాది కదా!

ఆట 3: వామనగుంటలు

ఇది పిల్లలకూ ఇంటికి వచ్చిన అమ్మమ్మలకూ నానమ్మలకూ కలిపి పెట్టాల్సిన ఆట. వరసకు ఏడు చొప్పున రెండు వరసలు, మొత్తం 14 గుంటలు. చెక్కపీట లేకపోతే 14 కాగితపు కప్పులు చాలు. మేం గుంటకు ఐదేసి చొప్పున 70 చింతగింజలు పెడతాం. మన వైపు గుంటల్లో ఒకదాని గింజలు తీసి, వరసగా ఒక్కోటి వేసుకుంటూ పోవాలి. చేతిలో గింజలు అయిపోతే తర్వాతి గుంటలోవి తీసి పంచడం కొనసాగించాలి. ఆ తర్వాతి గుంట ఖాళీగా ఉంటే, దాన్ని దాటి ఉన్న గుంటలోని గింజలు మనవి. అక్కడితో మన వంతు అయిపోతుంది.

ఒక ఏడాది శ్రీకాకుళం నుంచి ఒక నానమ్మగారు వచ్చారు. ఆవిడకు హిందీ రాదు. మనవరాలికి తెలుగు సరిగా రాదు. వారం రోజులుగా ఇద్దరి మధ్య "తిన్నావా?", "ఆఁ" అన్న మాటలే. గింజలు పంచడం మొదలయ్యాక నానమ్మ పైకి లెక్కపెట్టసాగారు. ఐదో వంతుకల్లా మనవరాలు కూడా ఆవిడతో కలిసి తెలుగులో లెక్కపెట్టింది. "ఖాళీ గుంట", "నా వంతు", "దొంగాట ఆడకే!" అన్న మాటలు వాటంతట అవే వచ్చాయి. ఇవి మా పాఠ్యపుస్తకంలో ఏ పాఠంలోనూ లేవు.

తమిళంలో ఈ ఆటను పల్లాంగుళి అంటారు, కన్నడంలో అళిగుళి మణె. శ్రీలంకలో ఇలాంటిదే ఒలిందకెళియ. ఏప్రిల్ నడిమిలో వచ్చే అక్కడి కొత్త సంవత్సరం రోజుల్లో ఆడతారు. ఒలింద అంటే మన గురివింద. కానీ గురివింద గింజల్లో విషం ఉంటుంది. చిన్నపిల్లలున్న చోట మనం చింతగింజలే వాడదాం. మరీ చిన్నవాళ్ళు వాటినీ నోట్లో పెట్టుకోకుండా పెద్దవాళ్ళు ఒకరు దగ్గర ఉండాలి.

ఆట 4: పులి-మేక

ఒకవైపు మూడు పులులు, ఇంకోవైపు పదిహేను మేకలు. మేకలను ఒక్కొక్కటిగా పటం మీద పెట్టాలి. అన్నీ పెట్టేదాకా వాటిని కదపకూడదు. పులి తన పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీ చోటుకు దూకితే మేక చచ్చినట్టు. పులులు ఎటూ కదలలేకుండా చుట్టుముడితే మేకలు గెలిచినట్టు.

మేం దీన్ని ఒక పెద్దమనిషికీ ఐదుగురు చిన్నపిల్లలకూ మధ్య పెడతాం. పులి అంకుల్‌ది, మేకలు పిల్లలవి. ప్రతి ఎత్తుకూ ముందు ఐదుగురూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడాలి. తెలుగు రానివాడికి రెండోవాడు అర్థమయ్యేలా చెప్పి తీరాలి, లేకపోతే మేక పోతుంది. నేపాల్లో బాఘ్‌చాల్ అనే ఆట ఉంది. అందులో పులులు నాలుగు, మేకలు ఇరవై. మీ తరగతిలో నేపాలీ మాట్లాడే స్నేహితులుంటే అడిగి చూడండి.

ఆట 5: ఏడు పెంకులాట

ఎండ తగ్గాక మైదానంలో ఆడాల్సిన ఆట ఇది. పెంకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, బంతితో కొట్టి పడగొట్టాలి. కొట్టిన జట్టు వాటిని మళ్ళీ పేర్చాలి. పేర్చేలోగా రెండో జట్టు బంతితో వాళ్ళను కొట్టడానికి చూస్తుంది. మామూలుగా దెబ్బ తగిలినవాళ్ళు ఆట నుంచి తప్పుకోవాలి. మేం ఒక్క మార్పు చేశాం. దెబ్బ తగిలినవాళ్ళు దూరంగా ఉన్న వేపచెట్టును ముట్టుకుని మళ్ళీ ఆటలోకి రావచ్చు. తల మీద కొడితే కొట్టిన జట్టుకే నష్టం. టెన్నిస్ బంతి కంటే గట్టిది వాడకూడదు.

ఉగాదికి రానన్న ఆ పిల్లవాడి సంగతి చెప్పాం కదా. ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాం. ముందు ఊళ్ళో ఏమి ఆడేవాడివని అడిగాం. "లగోరీ" అన్నాడు. ఎలా ఆడతారో చూపించమన్నాం. గదిలోంచి పుస్తకాలు తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చి చూపించాడు. మన ఏడు పెంకులాటే! ఉత్తరాది పిల్లలు పిట్టూ అనేదీ ఇదే. ఆ వచ్చే ఆదివారం కాలనీ మైదానంలో వాడే పెంకులు పేర్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళు "పెంకు, పెంకు!" అని అరుస్తుంటే వాడూ అరిచాడు. ఆ వేసవిలోనే వాళ్ళ నాన్నగారికి బదిలీ అయింది. మరో ఉగాది మాతో చేసుకునే వీలు కలగలేదు. ఆ ఒక్క సంవత్సరం మేం పోగొట్టుకున్నదే, తిరిగి రాలేదు. మీరు ఇంకొకరి విషయంలో అలా పోగొట్టుకోకూడదనే ఇదంతా రాస్తున్నాం.

బహుమతుల సంగతి

మొదటి, రెండో బహుమతులు మానేశాం. వచ్చిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఒక చిన్న గుడ్డసంచి ఇస్తాం. అందులో నాలుగు గవ్వలు, పదహారు చింతగింజలు, అష్టాచెమ్మా పటం గీసిన చేతిరుమాలంత గుడ్డ. ఖర్చు తక్కువ. పనీ తక్కువే, ముందు ఆదివారం పిల్లలే కూర్చుని గీసేస్తారు.

దీని ఉపయోగం బదిలీ అయినప్పుడు తెలుస్తుంది. సామాను లారీలో వెనక వస్తుంది. ఒక్కోసారి వారం పది రోజులు పడుతుంది. అన్నాళ్ళూ ఖాళీ క్వార్టరులో నాలుగు గోడలు, నేల మీద పరుపుచాప. టీవీ ఉండదు, స్నేహితులు ఉండరు. అప్పుడు చేతిసంచిలో ఈ గుడ్డ ఉంటే అమ్మ, నాన్న, చెల్లి, మీరు, నలుగురు సరిపోతారు. పక్కింటి పిల్లలు తలుపు దగ్గర నుంచి తొంగి చూస్తే లోపలికి పిలవండి. కొత్త ఊళ్ళో మొదటి స్నేహం అలా మొదలైన పిల్లలు మా బడిలోనే ఉన్నారు.

ఇరుగుపొరుగు పండగలు

ఉగాది రోజే మహారాష్ట్ర వాళ్ళకు గుడిపడ్వా, కాశ్మీరీ పండితులకు నవ్‌రేహ్. ఆ ఒకటి రెండు రోజుల్లోనే సింధీల చేటీచంద్ వస్తుంది. మణిపురి మైతేయిల సజిబు చైరావ్‌బా నాడు ఇంటిల్లిపాదీ భోజనం చేసి దగ్గరలోని కొండ ఎక్కుతారు. ఏప్రిల్ నడిమిలో వైశాఖి, విషు, తమిళ పుత్తాండు, బెంగాలీల కొత్త సంవత్సరం, అస్సాం బిహు వస్తాయి. బిహు రోజుల్లో గుడ్డును గుడ్డుతో తాటించి ఎవరిది పగలదో చూసే ఆట ఒకటుంది. మన కాలనీల్లో వీళ్ళందరూ ఉంటారు. మన కూడికలో ఒక్క ఆటైనా వాళ్ళ దగ్గర నేర్చుకున్నది ఉంటే, వాళ్ళ పండగకు మనకూ పిలుపు వస్తుంది.

మీరు చేయండి

1. మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, చిన్నప్పుడు వాళ్ళు ఆడిన ఒక ఆట నియమాలను పది వాక్యాల్లో రాయండి. వాళ్ళ ఊళ్ళో దాన్ని ఏమని పిలిచేవారో కూడా రాయండి.

2. ఈ మాటలను సొంత వాక్యాల్లో వాడండి: వంతు, జట్టు, పెంకు, వెల్లకిలా, బోర్లా, వగరు, దొంగాట.

3. మీ తరగతిలో వేరే భాష మాట్లాడే ఇద్దరిని అడిగి, ఏడు పెంకులాటను వాళ్ళ భాషలో ఏమంటారో తెలుసుకోండి.

4. కుర్చీలాటలో బయటికి వచ్చినవాళ్ళు మళ్ళీ లోపలికి రావాలంటే నియమాన్ని ఎలా మారుస్తారు? ఆలోచించి, నలుగురితో ఆడి చూసి, కుదిరిందో లేదో రాయండి.

5. ఈ ఏడాది మీ బడికి కొత్తగా వచ్చిన ఒకరి దగ్గరకు వెళ్ళి, ముందు ఊళ్ళో ఏ ఆట ఆడేవారో అడగండి. ఇది రాయక్కర్లేదు. ఆడితే చాలు.